శవానికి ఎన్ని మార్కులు?

పోయినేడాది మా ప్రాంతంలోని ఒక కాలేజీలో విద్యార్థులు తీసిన సినిమాలకు పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పూర్తి సినిమాలు కాదు. ఒక క్రైమ్ థ్రిల్లర్ ఎలా మొదలవుతుందో మూడు నిమిషాల్లో తీసి చూపించాలి. మాది వాకాడు. నేను చదివింది సాహిత్యం, డాక్టరేట్ చేసింది కథల మీద. "కథ సంగతి మీరు చూడండి మేడమ్, టెక్నికల్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు నాతో కూర్చున్న మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలు. కథ వేరు, కెమెరా వేరు అన్న ఆ పంపకంలోనే తిరకాసు ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

పదకొండు సినిమాలు వచ్చాయి. వాటిలో ఏడింటిలో మొదటి నిమిషం గడిచేలోపే ఒక అమ్మాయి చచ్చిపోయి ఉంది.

మొదటి బహుమతి వచ్చినదాన్ని మా తూపిలిపాళెం సముద్రపు ఒడ్డున తీశారు. తెల్లవారుజాము వెలుతురు, ఒడ్డుకి లాగి పెట్టిన పడవ, తడి ఇసుక. ఇసుకలో ఒక పాదం, పాదానికి పట్టీ. కెమెరా పాదం దగ్గర మొదలై మెల్లగా పైకి పాకుతుంది. పిక్క, తడిసి ఒంటికి అంటుకున్న చీర, నడుము, మెడ మీద కమిలిన మచ్చ. ముఖాన్ని జుట్టు కప్పేసి ఉంటుంది. ఒక అల వచ్చి చేతిని కదిలించి పోతుంది. వెనక వయొలిన్. అప్పుడు బూట్ల చప్పుడు. నల్లకళ్ళద్దాలు, సిగరెట్టు, ఇన్‌స్పెక్టరు. ఆయన కళ్ళద్దాలు తీస్తాడు. ఆయన గతంలో ఏదో గాయం ఉందని మనకు అర్థమవుతుంది. సినిమా పేరు పడుతుంది.

హాలంతా చప్పట్లు. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను. ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు సెల్‌ఫోన్‌తో అంత వెలుతురు పట్టుకున్నారంటే మెచ్చుకోవలసిందే. కానీ ఆ చప్పట్లు కొట్టిన చేతులతోనే రెండోసారి వేయించుకుని చూస్తూ షాట్లు లెక్కపెట్టాను. మొత్తం ఇరవై రెండు. పన్నెండు ఆ అమ్మాయి ఒంటి మీద. ఆరు ఇన్‌స్పెక్టరు ముఖం మీద. ఆమె ముఖం మీద ఒక్కటి కూడా లేదు.

మా చేతికిచ్చిన మార్కుల కాగితంలో కెమెరాకి 25, ఎడిటింగ్‌కి 25, సౌండ్‌కి 20, సస్పెన్స్‌కి 20, నిడివికి 10 అని ఉంది. మొత్తం నూరు. ఆ నూటిలో ఆ అమ్మాయి ఎవరు అన్నదానికి చోటు లేదు. నేనడిగితే "సినిమాలోకి స్త్రీవాదాన్ని ఎందుకు లాగుతారు మేడమ్?" అని ఒకాయన నవ్వారు. ఈ వ్యాసం ఆ నవ్వుకి జవాబు.

స్త్రీవాదాన్ని నేను లాగలేదు. ఒక ఆడశరీరాన్ని మూడు నిమిషాల సినిమాలోకి లాక్కొచ్చి పడేసింది వాళ్ళు. కెమెరా పాదం దగ్గర మొదలుపెట్టాలా, ముఖం దగ్గర మొదలుపెట్టాలా అన్నది కెమెరా ప్రశ్నే. ఏ షాట్ ఎంతసేపు ఉంచాలన్నది ఎడిటింగ్ ప్రశ్నే. ప్రేక్షకుడి చూపుని ఆడదాని శరీరం మీదికి ఎలా నడిపిస్తారో లారా మల్వీ 1975లో రాసిన వ్యాసంలో విప్పి చెప్పింది. అది వచ్చి యాభై ఏళ్ళు దాటాయి. ఇంకా మనం కెమెరాని ఒక పక్క, "ఆడవాళ్ళ సంగతి"ని ఇంకో పక్క పెట్టి వేరువేరుగా మార్కులు వేసుకుంటున్నాం. ఇంకోమాట చెప్పాలంటే, రెండోదానికి వెయ్యడమే లేదు.

ఇది మరీ అత్యాశ అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ. ఇంగ్లండులో ఒక పరీక్షల బోర్డు చాలా ఏళ్ళపాటు మీడియా స్టడీస్ విద్యార్థుల చేత సరిగ్గా ఇలాంటి పనే చేయించేది. ఒక కొత్త సినిమాకి టైటిల్స్‌తో సహా రెండు నిమిషాల ప్రారంభం తియ్యాలి. పదహారు పదిహేడేళ్ళ పిల్లలు చాలామంది థ్రిల్లరే ఎంచుకునేవాళ్ళు. తీశాక అసలు పని మొదలయ్యేది. తమ పనిని తామే విలువకడుతూ ఏడు ప్రశ్నలకు జవాబివ్వాలి. అందులో మొదటిది, ఈ రకం సినిమాలకున్న అలవాట్లను మీరు వాడుకున్నారా, పెంచారా, ఎదిరించారా అని. రెండోది, మీ సినిమా ఏయే సామాజిక వర్గాలను ఎలా చూపించింది అని. టెక్నాలజీ గురించిన ప్రశ్న ఆరోది. ఆ పిల్లలంతా స్త్రీవాదులైపోయారని నేననడంలేదు. శవాలు అక్కడా పడ్డాయి. కానీ ఆ శవాన్ని అక్కడ ఎందుకు పడుకోబెట్టావని పిల్లవాణ్ణి అడిగే కాగితం ఒకటి ఉండేది. మన కాగితంలో ఆ గడే లేదు.

ఇక అభ్యంతరాలు. "ఆ రకం సినిమాలు అలాగే మొదలవుతాయి మేడమ్" అన్నది మొదటిది. అందమైన స్త్రీ మరణమే అన్నిటికంటే కవితాత్మకమైన వస్తువని ఎడ్గార్ ఎలెన్ పో 1846లోనే రాసిపెట్టాడు. ఆ మాటకి నూట ఎనభై ఏళ్ళ వయసు. అంత పాతదాన్ని మన పిల్లలు కొత్తదనుకుని మోస్తున్నారు. పోనీ, పేరున్నవాళ్ళు ఏం చేశారో చూద్దాం. హిచ్‌కాక్ 'సైకో' (1960)లో స్నానాలగది హత్య అందరికీ గుర్తే. కానీ ఆ హత్యకి ముందు దాదాపు ముప్పావుగంట మనం ఆ మనిషితో ఉంటాం. ఆమె ప్రేమ, ఆమె దొంగిలించిన డబ్బు, ఆమె భయం, వెనక్కి వెళ్ళిపోదామన్న ఆమె నిర్ణయం అన్నీ మనకి తెలుసు. నీటి ఒడ్డున ప్లాస్టిక్ చుట్టిన అమ్మాయి శవంతో మొదలైన 'ట్విన్ పీక్స్' (1990) ఇవాళ్టి సగం సీరీస్‌లకి మూలవిరాట్టు. దాన్ని తీసిన డేవిడ్ లించ్ 1992లో వెనక్కి వెళ్ళి, ఆ అమ్మాయి బతికున్న చివరి ఏడు రోజుల్ని సినిమాగా తీశాడు. ఆయనకే శవం చాల్లేదు.

మన తెలుగులోనే 'అనుకోకుండా ఒక రోజు' (2005) ఉంది. తన జీవితంలోంచి మాయమైపోయిన ఒక రోజుని తనే వెతుక్కునే అమ్మాయి కథ. ప్రమాదం ఆమెదే, వెతుకులాటా ఆమెదే. సస్పెన్స్ ఎక్కడైనా తగ్గిందా? హిందీలో 'కహానీ' (2012) ఒక నిండు గర్భిణి చేతిలో వెతుకులాటని పెట్టింది. శవం లేకపోతే థ్రిల్లర్ మొదలవదన్నది బద్ధకం తప్ప సూత్రం కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. "బయట ఆడవాళ్ళ మీద జరుగుతున్నదే కదా చూపించారు?" అని.

జరుగుతున్నదేనా? నేను ఏడో తరగతిలో ఉండగా మా స్వర్ణముఖి ఒడ్డుకి ఒకామె శవం కొట్టుకొచ్చింది. పోలీసులు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఒడ్డున ఉన్నది ఆడవాళ్ళే. మా అవ్వ ఇంటికి పోయి దుప్పటి తెచ్చి కప్పింది. "ఏ ఊరి పిల్లో, ఏం కష్టమొచ్చి ఈడిదాకా వచ్చిందో" అని అందరూ అదే మాట. చంపిందెవరని తర్వాత అడిగారు. ముందు ఆమె ఎవరని అడిగారు. మా కుర్రాళ్ళ ఇన్‌స్పెక్టరు ఆ ప్రశ్న అడగలేదు. దుప్పటీ కప్పలేదు.

జరుగుతున్నదే చూపించాలంటే మన దగ్గర నేరం మొదలయ్యేది సముద్రపు ఒడ్డున కాదు. తలుపు వేసిన వంటింట్లో. "స్టవ్వు పేలింది" అన్న ఒక్క మాటతో ఎన్ని మరణాలు నేరాలు కాకుండా పోయాయో 1970ల చివర, 80లలో స్త్రీల సంఘాలు వీధికెక్కి చెప్పేదాకా ఎవరికీ పట్టలేదు. హైదరాబాదులో 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన అలాంటి చావుల వెంటపడింది. దేశమంతటా సాగిన ఆ ఒత్తిడి వల్లనే 1983లో చట్టం మారింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపరీక్షకి పంపాలన్నారు. 1986లో వరకట్న మరణం అన్న నేరమే కొత్తగా చేరింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గాని ఆ ఏడేళ్ళ నియమం అలాగే ఉంది. దీని అర్థమేమిటి? నేరానికి 'మొదటి సీను' ఏదో తేల్చడానికే మన ముందుతరం స్త్రీలు పోరాడారు. వంటగదిలో కాలిన చీరని మొదటి సీనుగా రాయించడానికి అంత కాలం పట్టింది. మనమేమో పిల్లలకి మార్కులు వేసి మళ్ళీ ఇసుకలో పట్టీల పాదం దగ్గరికి తీసుకుపోతున్నాం.

"చివర్లో హీరో న్యాయం చేస్తాడు కదా" అన్నది మూడోది. ఇదే నాకు ఎక్కువ భయం. పేరూ ముఖమూ లేని శవంతో మొదలైన కథలో మనం పట్టుకోడానికి మిగిలేది ఇన్‌స్పెక్టరు ఒక్కడే. ఆయన కోపమే మన కోపం, ఆయన తుపాకీయే మన న్యాయం. ఇది సినిమాతో ఆగలేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్లో పోయారు. 2019 డిసెంబరు 6న 'దిశ' కేసు నిందితులు నలుగురూ అలాగే పోయారు. పోలీసుల మీద పూలు చల్లాం. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చి, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది దాన్ని చదివారు? కథ అయిపోయిందిగా! ఆడపిల్ల రాత్రిపూట నిర్భయంగా ఇల్లు చేరడం ఎలా అన్న ప్రశ్న ఆ పూలకింద పడిపోయింది.

ఒకరు అడ్డు తగిలారు: "దిశ అన్నది కూడా అసలు పేరు కాదు కదా, బాధితురాలి పేరు చెప్పకూడదని చట్టమే అంటోంది కదా" అని. అవును. అత్యాచార బాధితురాలి పేరు దాచమంటుంది చట్టం, ఆమె గౌరవం నలుగురి నోళ్ళలో పడకూడదని. సినిమా ముఖాన్ని దాచింది ఒంటిని చూపించడానికి. ఈ రెండు దాపరికాలకీ తేడా తెలియనివాళ్ళు పిల్లల సినిమాలకి మార్కులు వెయ్యకపోవడమే మంచిది.

నేను నూటికి 48 వేశాను. మిగతా ఇద్దరూ తొంభై దాటించారు. బహుమతి వచ్చాక ఆ సినిమా తీసిన నలుగురు కుర్రాళ్ళూ నా దగ్గరికి వచ్చారు. "మేడమ్, మీరు తక్కువ వేశారంట" అన్నారు, కోపంగా కాదు, బాధగా. నేను షాట్ల లెక్క చెప్పాను. ఒకబ్బాయి మొహం చిన్నబుచ్చుకుని "మేం ఆ ఉద్దేశంతో తియ్యలేదు మేడమ్" అన్నాడు. నిజమే. ఉద్దేశం లేకుండానే అలా వస్తుంది, అందుకే చెప్పవలసి వస్తోంది. వాళ్ళమీద నాకు కోపం లేదు. వాళ్ళు చూసి పెరిగిందే తీశారు. ఆపి అడగవలసిన పెద్దవాళ్ళం మనం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

వాళ్ళ వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆ శవం ఆమే. టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. ఎలా ఉండింది చెయ్యడం అని అడిగాను.

"నేను కెమెరా చేస్తానన్నా మేడమ్. పడుకునేదానికి ఇంకెవరూ రాలా, నన్ను పడుకోమన్నారు. మూడు గంటలు తడిలో పడుకున్నా. ఊపిరి బిగబట్టాలి, పొట్ట కదలకూడదు. ఎండ్రకాయ ఒకటి చేతిమీద పాకినా కదల్లా."

"అప్పుడేమనిపించింది?"

కాసేపు ఆలోచించింది. "ఆ పిల్ల అంత పొద్దున ఆడికి ఎందుకు వచ్చిందా అని. మాలో ఎవరం అనుకోలా మేడమ్ అది. కథలో అసలు లేదు."

కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ సినిమాకి కావలసిన మొదటి సీను అక్కడుంది. అది ఇసుకలో పడుకున్న అమ్మాయి తలలో మూడు గంటలు తిరిగింది. కెమెరా ఆమె చేతిలో ఉండుంటే, నల్లకళ్ళద్దాల కంటే ముందు ఆ ప్రశ్న తెరమీదికి వచ్చి ఉండేదేమో.

ఈ ఏడూ పోటీకి రమ్మని ఆ కాలేజీవాళ్ళు కబురు పెట్టారు. వస్తాను, కానీ మార్కుల కాగితంలో ఇంకో గడి చేర్చండి అని రాశాను: "ఈ ప్రారంభంలో ఎవరు మనిషి, ఎవరు వస్తువు? ఎందుకు?" దానికి 25 మార్కులు. జవాబు తీసినవాళ్ళే రాయాలి. టైటిల్స్‌లో శవం వేసినవాళ్ళ పేరు కూడా ఉండాలి.

ఇంకా జవాబు రాలేదు. మీ ఊళ్ళో, మీ కాలేజీలో ఇలాంటి పోటీకి మిమ్మల్ని పిలిస్తే మీరూ ఆ గడి అడగండి. ఇవ్వనంటే కాగితం వెనక మీరే గీసుకోండి.