శిక్ష ముందు, న్యాయం తరవాత!

క్రికెట్టు గురించి ఆడవాళ్లకేం తెలుసంటారేమో! ఆట సంగతి మీరే చూసుకోండి. నేనడిగేది న్యాయం సంగతి.

మన హైదరాబాదు అజారుద్దీన్‌ని మ్యాచ్ ఫిక్సింగు ఆరోపణ మీద 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు జీవితాంతం వెలివేసింది. 99 టెస్టులాడినవాడు వందోది ఆడనేలేదు. ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది, 2012 నవంబరులో. అప్పటికతనికి 49 ఏళ్లు! తీర్పు కాగితం చంకన పెట్టుకుని బ్యాటు పట్టుకోమంటారా? అదే గొడవలో అయిదేళ్ల నిషేధం పడిన అజయ్ జడేజాకి ఢిల్లీ హైకోర్టు 2003లోనే ఊరటనిచ్చింది కనక మళ్లీ రంజీ ఆడగలిగాడు.

అజారుద్దీన్ తప్పు చెయ్యలేదని నేను వాదించడం లేదు. చేశాడో లేదో నిక్కచ్చిగా తేలలేదనే నా బాధ. సీబీఐ కూపీ లాగింది, నిజమే. కానీ ఆ తరవాత విచారించింది బోర్డు నియమించిన మనిషే, శిక్ష వేసిందీ బోర్డే. మా కర్నూలు పల్లెల్లో రచ్చకట్ట మీది పెద్దమనిషి తన తగువుకి తానే తీర్పు చెబితే ఊరు ఒప్పుకుంటుందా?

ఇక మనమో! ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే రకం. పేపర్లో పేరు పడగానే నిన్నటి దేవుణ్ణి ఇవాళ దొంగని చేసేస్తాం.

ఆటగాడి ఆయుష్షు పదిహేనేళ్లు. వ్యాజ్యానికి పన్నెండేళ్లు! బోర్డు పెద్దలూ, శిక్ష నిలవాలంటే ముందు విచారణ నిలవాలి. సాక్ష్యం అతని ముందు పెట్టండి, అతని మాట వినండి, తీర్పు బయటివాళ్లని చెప్పనివ్వండి, అదీ నెలల్లో. లేదా, దోషి తప్పించుకుంటాడు, నిర్దోషి ముసలివాడైపోతాడు.