అమ్మీ గ్లాసులో పాలెన్ని?

మన ఇళ్లలో పాలు పిల్లలకు, అబ్బాకు. అమ్మీకి మాత్రం చాయ్‌లో కలిసిన నాలుగు చుక్కలే. ఆమె జారిపడి తుంటి ఎముక విరిగాక ప్రోటీన్ పౌడర్ డబ్బా కోసం పరిగెత్తుతాం!

పౌడర్ బేకార్ అని నేననను. ఎముకంటే ఉత్త కాల్షియం కాదు, దాని బరువులో దాదాపు మూడో వంతు ప్రోటీనే. సరిగ్గా తినలేని బుజుర్గులకు పాల ప్రోటీన్ ఫాయిదా చేయొచ్చు. కానీ అది దవా కాదు. 250 మిల్లీలీటర్ల పాలలోనే సుమారు 8 గ్రాముల ప్రోటీన్, 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఎండ తగలక విటమిన్ డి తగ్గితే ఆ కాల్షియం కూడా సరిగ్గా ఒంటికి పట్టదు. గుర్దాల బీమారీ ఉన్నవారు డాక్టర్ మష్వరా లేకుండా డబ్బా తెరవొద్దు.

నా రాయ్ ఒక్కటే: దస్తర్‌ఖాన్ మీద రోజూ అమ్మీకీ ఓ గ్లాసు పాలో, కటోరా పెరుగో పెట్టండి. ఎముక విరిగాక చేసే ఖిద్మత్ కన్నా ఇది ఆసాన్.