వినికిడి మందు కోసం ఆగవచ్చునా?

గత నెల అసర్ నమాజు ముగించి మేము మస్జిద్ మెట్లు దిగుతుండగా, కల్లూరుకు చెందిన ఒక తండ్రి రెండున్నరేళ్ల కుమారుణ్ణి ఎత్తుకుని వచ్చారు. బాలుడికి పుట్టుకతోనే వినికిడి లేదు. కాక్లియర్ యంత్రం అమర్చాలని వైద్యులు చెప్పారు. అయితే చైనాలో ఒక్క ఇంజెక్షన్‌తో చెవిటి పిల్లలు వింటున్నారని ఆయన సెల్‌ఫోన్‌లో చూశారు. "హజ్రత్, ఆ మందు వచ్చేదాకా ఆపరేషన్ ఆపమంటారా?" అన్నారు. మేము వైద్యులము కాము. తెలిసినవారిని అడిగి చెబుతామన్నాము.

ఆయన చూసినది అబద్ధం కాదు. షాంఘైలోని ఫూడాన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆరుగురు పిల్లలకు ఈ చికిత్స చేయగా, ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో 'లాన్సెట్' వైద్యపత్రిక ప్రచురించింది. ఆ పిల్లలందరిలో చెడినది ఓటీఓఎఫ్ అనే ఒకే జన్యువు. చెవి లోపలి కణాలు శబ్దాన్ని నరానికి అందించడానికి కావలసిన ప్రోటీన్ ఆ జన్యువు వల్లనే తయారవుతుంది. కణాలు బాగానే ఉంటాయి, కబురు మాత్రం దాటదు. మంచి జన్యువును రెండు భాగాలు చేసి, హాని చేయని వైరస్‌లలో ఉంచి చెవిలోకి పంపుతారు. అయితే పుట్టు చెవుడు గల పిల్లల్లో ఈ లోపం ఉన్నవారు కొద్దిమందే. మన దేశంలో తరచుగా కనిపించేది జీజేబీ2 అనే వేరొక జన్యువు లోపం. దానికి ఈ మందు పనిచేయదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొరాకోలో పుట్టిన పదకొండేళ్ల బాలుడికి ఇదే తరహా చికిత్సతో వినికిడి వచ్చింది. కానీ మాటలు నేర్చే వయసు దాటినందున అతను ఎన్నటికీ మాట్లాడలేకపోవచ్చునని వైద్యులే చెప్పారు. మమ్మల్ని కలవరపెట్టినది ఈ సంగతే.

ఆశ పుట్టించిన ప్రతి మందూ నిలవదు. ఎఫ్ఎక్స్-322 అనే మందును ఒక అమెరికా కంపెనీ పరీక్షించింది. కొందరికి మందు, కొందరికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియనివ్వలేదు. 2023 ఫిబ్రవరిలో లెక్క తీస్తే ఇరువురికీ తేడా కనిపించలేదు. అలా దాచి పరీక్షించకపోతే, బాగుపడ్డామనుకునేవారి మాటలే రుజువులుగా చెలామణి అయ్యేవి.

మరొక మాట చెప్పక తప్పదు. ఈ బిడ్డ తల్లిదండ్రులు అన్నదమ్ముల పిల్లలు. అటువంటి వివాహానికి షరీఅత్‌లో అనుమతి ఉంది, ఆదేశం లేదు. తల్లిలోనూ తండ్రిలోనూ దాగిన ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం దగ్గరి బంధువుల మధ్య ఎక్కువ. ఇంట్లో ఒక బిడ్డకు చెవుడు ఉంటే, తదుపరి నిఖా మాటలకు ముందు జన్యు పరీక్ష గురించి అడగడంలో సిగ్గుపడవలసినది లేదు.

ఆ తండ్రికి ఇవన్నీ చెప్పాము. యంత్రం ఒక చెవికే పెట్టిస్తే రెండవ చెవి రేపటి మందుకు మిగిలి ఉంటుంది కదా అని ఆయనే అన్నారు. అది వైద్యులనే అడగమన్నాము. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. తరువాత నెలల తరబడి మాటల శిక్షణకు బిడ్డను తిప్పవలసినది తల్లి. ఆ రోజుల్లో ఇంటిపని ఎవరు చూస్తారో ఆమె అత్తగారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోమన్నాము.