విత్తనపు పొత్తు

రామగుండమున 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారము 2021లో మరల యూరియా నిచ్చుట కారంభించినది; సంతోషము. కాని వానకరవునకును, తెగుళ్లకును తాళు విత్తనము లేనిచో ఎరువేమి చేయును? మన జొన్న, సజ్జ, రాగి ఆఫ్రికాలో పుట్టినవి; మన కంది అచ్చటి కేగినది. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఇట్టి మెట్టపంటలపై ఉభయప్రాంతముల రైతులకును పరిశోధనలు సాగించుచున్నది.

తెగులు పొలిమేర నెఱుంగదు. చిన్నదేశము లొంటరిగ దాని నెదుర్కొనజాలవు. ఇది గ్రహించియే తూర్పు, మధ్య ఆఫ్రికా దేశముల వ్యవసాయ పరిశోధనాసంస్థలు 1994లో ఉమ్మడి సంఘముగ నేర్పడినవి. ఇట్టి పొత్తునకు మన ప్రభుత్వము ధనమును, శాస్త్రజ్ఞులను ధారాళముగ నొసగవలయునని మా అభిప్రాయము. ఇది దానము కాదు, పాతబాకి తీర్చుట. బొగ్గు త్రవ్వినకొలది తరుగును. విత్తనము పంచినకొలది పెరుగును. గోదావరిఖని పాఠకులకు ఇంతకంటె చెప్పవలయునా?