తెర మీది అక్షరాన్ని పెద్దది చేసుకునే వీలు కోరుతూ తీర్మానం

విషయం: డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో పాఠం కనిపించే ప్రతి పెట్టెకూ జూమ్ సదుపాయం కల్పించడం గురించి.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో తెలుగు టైపు చేసి, జాబితాలు సరిచూసి బతికే కంప్యూటర్ ఆపరేటర్లం సర్వసభ్య సమావేశంలో చర్చించి ఆమోదించిన తీర్మానం ఇది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే సీమ మనది. వాన మొహం చాటేసిన ఏడాది పంటల బీమా జాబితాలు, ఇన్‌పుట్ సబ్సిడీ జాబితాలు మన తెరల మీదికి వస్తాయి. ఓబులేసు కాస్తా ఒబులేసు అయినా, సర్వే నంబరులో 3 కాస్తా 8 అయినా శనక్కాయ రైతు మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఆ తేడా పట్టుకోవాల్సిన పెట్టెలో అక్షరం చీమ తలకాయంత ఉంటుంది. కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే జాబితా పైకీ కిందికీ పోతుందే తప్ప అక్షరం పెరగదు.

విండోస్‌లో మాగ్నిఫయర్ ఉంది కదా, కొత్తగా అడగడమెందుకని చర్చలో ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. దానికి ఇచ్చిన జవాబు ఇది: మాగ్నిఫయర్ మామూలుగా తెరనంతా పెంచుతుంది. పేరు ఒక కొసన, ఎకరాలు ఇంకో కొసన పడతాయి. వరస పట్టుకుని అటు వెళ్ళి వచ్చేలోపు చూపు పక్క రైతు మీదికి జారుతుంది. రిజల్యూషన్ తగ్గించుకుందామంటే ‘సేవ్’ బటనే తెర దాటిపోతుంది. ఈ జవాబు విన్నాక ఆ సభ్యుడు అభ్యంతరాన్ని ఉపసంహరించుకున్నారు.

పెట్టెలో జూమ్ పెట్టడం కొత్త విద్యేమీ కాదు. నోట్‌ప్యాడ్‌కు 2018లోనే జూమ్ వచ్చింది. క్యూటీతో ప్రోగ్రాములు రాసేవారికి టెక్స్ట్ ఎడిట్‌లోనే పెంచే, తగ్గించే ఆదేశాలు సిద్ధంగా ఉన్నాయి. జావా స్వింగ్‌లో అవి లేవు; ఫాంటు సైజు మార్చే నాలుగు లైన్లు ప్రోగ్రామరే రాసుకోవాలి. వెబ్ పేజీల్లో పాఠం 200 శాతం దాకా పెరిగినా ఏదీ చెడకూడదని డబ్ల్యూకాగ్ ప్రమాణం 2008లోనే చెప్పింది. దాన్ని డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఎలా అన్వయించాలో ఆ ప్రమాణాన్ని రూపొందించిన డబ్ల్యూత్రీసీ 2013లో వివరించింది. మన దేశపు 2016 వికలాంగుల హక్కుల చట్టం అల్పదృష్టిని వైకల్యంగా గుర్తించింది. ఈ జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ చూపు లోపమున్న పిల్లలకు బడులు నడుపుతోంది. ఆ పిల్లలు రేపు మన పక్క కుర్చీలో కూర్చోవాలంటే తెర వాళ్ళకు కనిపించాలి.

కాబట్టి ఈ సమావేశం కోరేదేమంటే, కంట్రోల్‌తో ప్లస్, మైనస్, సున్నా మీటలకూ మౌస్ చక్రానికీ అక్షరం పెరగాలి, తగ్గాలి, మొదటి సైజుకు రావాలి. పెరిగిన పాఠం పక్కకు జరపనక్కర్లేకుండా ఆ పెట్టె వెడల్పులోనే కింది వరసకు దిగాలి. నిన్న పెట్టుకున్న సైజు ఇవాళ ప్రోగ్రాము తెరిచినా అలాగే ఉండాలి. జూమ్ చూపు వరకే. ప్రింటులో గానీ ఫైలులో గానీ సైజు మారకూడదు. అది మారితే వచ్చే తలనొప్పి మనందరికీ తెలిసిందే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. అక్షరంతోపాటు వరస ఎత్తు కూడా పెరగాలి. ఇంగ్లీషుతో పరీక్షించి సరిపోయిందనుకుంటే కుదరదు. తెలుగులో ఒత్తులు కింద ఉంటాయి. వరస ఎత్తు పెరగకపోతే ‘రాష్ట్రం’లో టవత్తు, క్రావడి తెగిపోతాయి, ‘క్రిష్టప్ప’ కాస్తా ‘కిషప’గా మిగులుతాడు. సాయం చేయబోయి తప్పు పేరు చూపించే జూమ్ మాకు అక్కర్లేదు.

ఈ తీర్మానాన్ని సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు. ప్రతులను మనం వాడే ప్రోగ్రాముల తయారీదారులకూ, వాటిని కొనే కార్యాలయాలకూ పంపాలని నిర్ణయించడమైనది. అన్నీ ఒకేసారి మార్చడం కష్టమైతే ముందు జాబితా సరిచూసే పెట్టెతో మొదలుపెట్టాలని ప్రోగ్రామర్లకు మనవి.