అందని బెల్టు, తప్పని జరిమానా

కొనకనమిట్ల నుండి ఒంగోలు ఆసుపత్రికి బాడుగ కారులో బయలుదేరిన ఒక ఖాలా గారి సంగతి మాలో పలువురికి తెలుసు. వయస్సు మళ్ళినవారు, భారీకాయులు, పైగా చక్కెర వ్యాధి. ముందు సీటులో కూర్చోబెట్టి బెల్టు లాగితే అది లాకుకు జానెడు దూరంలో ఆగిపోయింది. అలారం మ్రోగుతూనే ఉన్నది. డ్రైవరు జేబులో నుండి బిళ్ళ వంటి క్లిప్పు తీసి లాకులో దోపి, "ఏం కాదులే ఖాలా, మోత పోయింది" అన్నాడు. ఆమె మాత్రం తప్పంతా తన శరీరానిదే అన్నట్లు తల వంచుకొని కూర్చున్నది.

తప్పు ఆమెది కాదని మా అభిప్రాయం.

బెల్టు అనవసరమని మేము అనటం లేదు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ గారు కారు ప్రమాదంలో మరణించినప్పుడు, ఆయన బెల్టు పెట్టుకొనలేదన్న వార్త తెలుగునాట ఇంటింటా చర్చకు వచ్చింది. 2019 జూలై నుండి తయారైన కార్లలో ముందు సీట్లకు అలారం తప్పనిసరి అయినది. బెల్టు ధరించనివారికి 1,000 రూపాయల జరిమానా. ఆ మోత ఆపే క్లిప్పుల అమ్మకాన్ని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిలిపివేయించింది. అన్నీ సబబే. కాని "పెట్టుకొందామంటే అందలేదు" అనేవారు ఎవరితో మొర పెట్టుకోవాలి?

1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొసల బెల్టే నేటికీ వాడుకలో ఉన్నది. దాని బలమంతా ఎముక మీద పడాలి: క్రిందిపట్టీ తుంటి ఎముకల మీద, పైపట్టీ భుజము, రొమ్ము మీదుగా. స్థూలకాయులకు క్రిందిపట్టీ పొట్ట మీదికి ప్రాకుతుంది. ఢీకొన్న క్షణాన కండ ముందుగా లొంగుతుంది, శరీరం ముందుకు జారుతుంది, ఎముక చిక్కేలోగా దెబ్బ ప్రేగులకు తగులుతుంది. కనుక పొడవొక్కటే చాలదు, పట్టీ బిగిసే చోటు కూడా ముఖ్యమే. (చీర కుచ్చెళ్ళ మీదుగా, బురఖా మడతల మీదుగా బెల్టు బిగించుకొనే మన స్త్రీలు దీనిని గమనించాలి. పట్టీ ఆ మడతల క్రిందుగా, తొడల మొదట ఆనాలి.)

బెల్టు ఎంతటి మనిషికి సరిపడాలో చెప్పే అమెరికా నిబంధనలో పెద్ద పురుషుని కొలత 215 పౌన్లు, అనగా సుమారు 97 కిలోలు; నడుము 42.5 అంగుళాలు. అంతకు మించినవారు మన బంధువులలోనే లేరా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది స్త్రీలు అధిక బరువు లేక స్థూలకాయం గలవారు. వీరందరికీ బెల్టు అందదని కాదు. కొందరికి అందకపోవటం వింత కాదని మాత్రమే మా మాట.

హజ్ యాత్రకు విమానంలో వెళ్ళివచ్చినవారు ఎరుగుదురు: బెల్టు చాలకపోతే సిబ్బందిని అడిగినంతనే అదనపు ముక్క తెచ్చి ఇస్తారు. కారుకు కూడా అట్టి ముక్క ఉండవచ్చును. అయితే అది ఆ మోడలుకే తగినట్లు కారు తయారీదారు ఇచ్చినదై ఉండాలి. బజారులో దొరికే, ఏ లాకుకైనా పట్టే ముక్కలు ప్రమాదకరం. పొడవు మించితే లాకు వచ్చి పొట్ట మీద కూర్చుంటుంది. అవసరం లేనివారు దానిని ముట్టనే రాదు.

కారు అమ్మేవారు రంగులు, పాటల పెట్టెలు చూపుటకు ముందు కొనే ఇంటిలోని భారీ మనిషిని సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగించి చూపాలి. చాలకపోతే ముక్కను తయారీదారే ఉచితంగా ఇవ్వాలి. బాడుగ కార్ల యజమానులు కూడా దానిని అడిగి తెప్పించుకోవాలని కోరుతున్నాము. ఖాలా గారికి వచ్చే నెల మరల ఒంగోలు ప్రయాణం ఉన్నది.