తెలుగు విద్యార్థి - హిందీ లింగభేదం

ఆరవ తరగతిలో హిందీ పాఠం జరుగుతున్నది. "మైఁ పాఠశాలా జాతా హూఁ" అని ఉపాధ్యాయుడు పలకగానే తరగతి యావత్తూ ఒక్క గొంతుతో ఆ వాక్యాన్ని తిరిగి పలుకుతుంది. ఆ గొంతులలో సగం ఆడపిల్లలవి. వారు తమను గూర్చి పుంలింగంలో చెప్పుకొన్నారన్న సంగతి ఉపాధ్యాయునికి స్ఫురించదు. పిల్లలకు అసలే తెలియదు. నాలుగు నెలలు గడచిన తరువాత ఆ బాలికలలో ఒకతె పరీక్షలో అదే వాక్యం వ్రాస్తే దాని క్రింద ఎఱ్ఱసిరా గీత పడుతుంది. తప్పు ఎవరిది?

తెలుగునాట హిందీ బోధన నిన్న మొన్న మొదలైనది కాదు. 1918లో మద్రాసులో గాంధీజీ ప్రేరణతో ఆరంభమై, దక్షిణ భారత హిందీ ప్రచార సభగా స్థిరపడిన సంస్థ ప్రాథమిక మొదలు ప్రవీణ వరకు పరీక్షల మెట్లు కట్టి అసంఖ్యాకులను ఆ భాషకు చేరువ చేసింది. మోటూరి సత్యనారాయణ వంటి తెలుగువారు ఆ కార్యానికి తమ జీవితాలనే ధారపోశారు. ఇంత అనుభవం ఉండి కూడా, తెలుగు విద్యార్థి వ్రాసిన హిందీలో లింగదోషం కనబడగానే దానిని అజాగ్రత్త క్రింద జమకట్టే అలవాటు పోలేదు. ఆ దోషాలకు అజాగ్రత్త కారణం కాదు. అవి తెలుగు వ్యాకరణాన్ని శ్రద్ధగా పాటించినందువల్ల కలిగేవి.

హిందీ వాక్యం తెలుగువాడికి తొలిచూపులో పరాయిదిగా తోచదు. "రాముడు బడికి వెళ్తున్నాడు" అన్నదానిని "రామ్ పాఠశాలా జా రహా హై" అని మాటకు మాట పేర్చుకొంటూ పోవచ్చును. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. విభక్తి కూడా ఇక్కడివలెనే నామానికి వెనుక వస్తుంది: "ఇంటిలో" అన్నది "ఘర్ మేఁ", "రామునికి" అన్నది "రామ్ కో". ఇంగ్లీషు కోసం క్రియను వాక్యం మధ్యకు జరుపవలసి వచ్చిన బాలునికి ఇది ఎంతో ఊరట. చిన్న తేడాలు లేకపోలేదు. "ఇది మా ఇల్లు" అని తెలుగువాడు క్రియ లేకుండానే వాక్యం ముగిస్తాడు. హిందీలో చివర "హై" లేనిదే అది నిలవదు. "రాలేదు" అని తెలుగు నిషేధాన్ని చివర తగిలిస్తే, "నహీఁ ఆయా" అని హిందీ దానిని క్రియకు ముందు ఉంచుతుంది. ఇవన్నీ కొద్ది అభ్యాసంతో అలవడేవి. చిక్కంతా ఈ పోలిక కలిగించే ధీమాలోనే ఉన్నది. వరుస కుదిరింది గనుక వాక్యమూ కుదిరిందనుకొంటాడు బాలుడు. మాటలు తమ తమ స్థానాలలో నిలిచిన తరువాత హిందీలో వాటికీ క్రియకూ మధ్య మరొక పొత్తు కుదరవలసి ఉన్నదని అతనికి వేళకు చెప్పేవారు తక్కువ.

తెలుగులో లింగభేదం లేదని కొందరు ఉపాధ్యాయులే అంటూ ఉంటారు. అది సరి కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తనీ అమహత్తనీ చేసిన విభాగం ఈ సంగతికి సంబంధించినదే. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బండి వచ్చింది. ఏకవచనంలో స్త్రీ వస్తువుల పంక్తిలో కూర్చున్నది. బహువచనంలో "స్త్రీలు వచ్చారు" అని పురుషుల పంక్తికి చేరుతుంది. (ఇందులోని న్యాయాన్యాయాల విచారణ వేరొక వ్యాసానికి తగినది.) ఏమైనా తెలుగు లింగానికి ఆధారం అర్థం. ఎదుట ఉన్నది పురుషుడా, స్త్రీయా, వస్తువా అన్నది తెలిస్తే క్రియ దానంతట అదే వస్తుంది. హిందీలో మనుష్యుల వరకు ఈ న్యాయమే చెల్లుతుంది గాని, వస్తువుల దగ్గరకు వచ్చేసరికి లింగం అర్థాన్ని వదలి మాటను పట్టుకొంటుంది. ఒక్క ముఖంలోనే చూడవచ్చును: కన్ను, ముక్కు స్త్రీలింగం, చెవి పుంలింగం, ఇక మీసం, గడ్డం రెండూ స్త్రీలింగమే! "ఈ"కారాంతాలు స్త్రీలింగమన్న సూత్రం వల్లెవేసిన బాలుడు రోటీ, కుర్సీ, గాడీ వరకు క్షేమంగా నడుస్తాడు. పానీ, ఘీ, మోతీ ఎదురుకాగానే బోర్లా పడతాడు. "బండి వచ్చింది" అన్న అలవాటుతో "గాడీ ఆయీ" అంటే ఒప్పైనది. అదే అలవాటుతో "నీళ్ళు" అన్న అర్థంలో "పానీ ఆయీ" అంటే తప్పైనది. ఒకే ఆలోచనకు ఒకసారి మార్కు, ఒకసారి సున్న!

సంస్కృతం తెలిసినవాడు ఇక్కడ మరింత తికమక పడతాడు. సంస్కృతంలో నపుంసకమైన పుస్తకం హిందీలో స్త్రీలింగం. అక్కడ పుంలింగాలైన అగ్ని, ఆత్మ ఇక్కడ స్త్రీలింగాలు. అక్కడ స్త్రీలింగాలైన దేవత, వ్యక్తి ఇక్కడ పుంలింగాలు. తెలిసిన మాటే గదా అన్న భరోసా కూడా ఈ దారిలో తోడు రాదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కులు మరి రెండు మూడున్నవి. "సీత తమ్ముడు" అన్నదానికి తెలుగు బాలుడు "సీతా కీ భాయీ" అని వ్రాస్తాడు. సీత స్త్రీ గదా అని అతని తర్కం. హిందీ చూచేది సీతను కాదు, తమ్ముణ్ణి: "సీతా కా భాయీ", "రామ్ కీ బహన్". అట్లే "నే" వచ్చినచోట సకర్మక క్రియ కర్తను విడిచి కర్మ వెంట పోతుంది. "రామ్ నే రోటీ ఖాయీ", "సీతా నే ఆమ్ ఖాయా". తిన్నది పురుషుడైతే క్రియ స్త్రీలింగం, తిన్నది స్త్రీ అయితే క్రియ పుంలింగం! తెలుగులో క్రియ కర్తకు తప్ప ఇంకెవరికీ లొంగదు గనుక బాలునికి ఇది వింతగా ఉండడంలో వింత లేదు. తెలుగు, మరాఠీ, కన్నడాల నడుమ పెరిగిన హైదరాబాదు దక్కనీ ఈ "నే"ను చాలవరకు వదలివేసి హాయిగా ఉన్నది. నగరంలోని పిల్లవాడు వీధిలో ఒక పద్ధతి విని, తరగతిలో మరొకటి నేర్వవలసి వస్తున్నది.

ఇక గౌరవం. "నాన్నగారు వచ్చారు, అమ్మగారు వచ్చారు" అన్నప్పుడు తెలుగులో మన్నన లింగాన్ని చెరిపివేస్తుంది. హిందీలో మన్నించినా లింగం చెరగదు: పితాజీ "ఆయే హైఁ", మాతాజీ "ఆయీ హైఁ". కన్నతల్లిని ఆదరంతో "మాతాజీ ఆయే హైఁ" అన్న పిల్లవానికి మార్కు పోవడం చూస్తే జాలి కలుగుతుంది.

పరీక్షలు అడిగేది మాత్రం ఇవి కావు. "లింగం మార్చుము" అన్న ప్రశ్న ఏటేటా వస్తుంది: రాజా - రానీ, ఘోడా - ఘోడీ, ధోబీ - ధోబిన్. రాజు పురుషుడనీ రాణి స్త్రీ అనీ తెలియని విద్యార్థి ఎవడు? అతడు తడబడేచోట ప్రశ్న లేదు. ప్రశ్న ఉన్నచోట అతడు తడబడడు. ఈ జంటలను కంఠస్థం చేసి పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడు "మేరా కితాబ్" అని నిశ్చింతగా వ్రాస్తాడు.

పశువును కొన్నప్పుడు పలుపుతో సహా తోలుకొని రావడం లోకరీతి. హిందీ నామాన్నీ అట్లే తెచ్చుకోవలసి ఉన్నది. "కితాబ్ అనగా పుస్తకం" అని ఒంటరిగా బల్లమీద వ్రాయక, "మేరీ కితాబ్", "ఠండా పానీ", "లంబీ రాత్" అని విశేషణంతో జంటగా వ్రాస్తే, లింగం సూత్రం ద్వారా గాక చెవి ద్వారా లోపలికి పోతుంది. ఆ మాట మరల ఎప్పుడు గుర్తుకు వచ్చినా "మేరీ" వెంట ఉంటుంది. దిద్దేటప్పుడు కూడా తారతమ్యం పాటించవలసినదే. వాక్యం నడక సరిగా ఉండి, అర్థం స్పష్టమై, ఒక్క "కా" "కీ" తారుమారైనంత మాత్రాన మొత్తం వాక్యాన్ని కొట్టివేయడం క్రూరత్వం. హిందీ ప్రాంతాలలోనే "దహీ ఖట్టా హై" అనేవారూ "దహీ ఖట్టీ హై" అనేవారూ ఉన్నారు. బీహారులో పెరుగు స్త్రీలింగమై కూర్చున్నది. అక్కడివారు అది చెప్పుకొని నవ్వుకొంటారే గాని ఒకరి వాక్యాలను ఒకరు కొట్టివేయరు.

ఆడపిల్లల సంగతి మాత్రం నవ్వి ఊరుకోదగినది కాదు. "నేను వెళ్తాను" అన్న తెలుగు వాక్యంలో పలికేది బాలుడో బాలికో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. హిందీలో నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే తాను ఎవరో చెప్పుకోవాలి. ఆ వాక్యాన్నే బాలిక తనది కాని రూపంలో కంఠస్థం చేస్తున్నది. తరువాత దానిని మరపించడం నేర్పడం కంటె కష్టం. పాఠ్యపుస్తకంలో "జాతా హూఁ" అన్నచోటల్లా ప్రక్కన "జాతీ హూఁ" అని అచ్చువేస్తే పెరిగేది ఒక్కొక్క మాట. అది లేని పుస్తకం చేతిలో ఉన్నప్పటికీ ఉపాధ్యాయుడు వాక్యాన్ని రెండు రూపాలలోనూ పలికి, బాలుర చేత ఒకటి, బాలికల చేత ఒకటి విడిగా చెప్పించవచ్చును. బాలికలు పలుకుతున్నంతసేపు బాలురు వింటారు. వారికి "జాతీ హూఁ" అన్న రూపం ఒకటి ఉన్నదని అప్పుడే తెలుస్తుంది.